ఇన్నోవేటర్ల ప్రసంగాలు విన్న ఉత్సాహం మూడో రోజుకే ఎందుకు చల్లారుతుంది? బాలానగర్ వర్క్‌షాప్ నుంచి ఒక జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది సరిగ్గా అర్థమైందో లేదో ముందు నా మాటల్లో చెప్తాను, చూడు. ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, ఫైనల్ ఇయర్. టెక్నాలజీ, దెబ్బ తిన్నా నిలబడటం, పర్యావరణం అంటూ ఇన్నోవేటర్లు చేసే ప్రసంగాలు బోలెడు విన్నావు. విన్న రాత్రి నిద్ర పట్టదు, మూడో రోజుకి మళ్లీ మామూలే. నిజంగా పనికొచ్చే ఆలోచన ఎవరి దగ్గర నేర్చుకోవాలి, మీ టీమ్ చేద్దామనుకుంటున్న అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ యాప్ మంచి ప్రాజెక్టేనా, దాని కోసం క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వదులుకోవచ్చా అని నీ సందేహం.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న వర్క్‌షాప్ నడుపుతాను. వయసులో నీకు తండ్రిలాంటివాణ్ణి, కానీ లేత్ ముందు నిలబడితే అందరం అన్నదమ్ములమే. ముప్పై ఏళ్లుగా ఇతరుల ఐడియాలకు ఇనుముతో ఒళ్లు తయారుచేసి ఇస్తున్నాను. రైతులు, కాలేజీ పిల్లలు, స్టార్టప్‌ల వాళ్లు, రిటైరైన పెద్దమనుషులు డ్రాయింగ్ పట్టుకుని వస్తుంటారు. కొందరు డ్రాయింగ్ కూడా లేకుండా చేతులతో గాల్లో గీసి చూపిస్తారు. వాటిలో ఏవి నిలిచాయో, ఏవి తుక్కు కింద తూకానికి పోయాయో కళ్లారా చూశాను. ప్రసంగాల్లో కథ యంత్రం తిరిగిన రోజుతో ఆగిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ తర్వాతి వానాకాలం సంగతి కావాలి. అది పాడైతే ఎవరు బాగుచేశారు? స్పేర్ పార్టు కోసం ఎంత దూరం వెళ్లాల్సి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని విను, నువ్వు విన్న కథలే వేరేగా వినిపిస్తాయి.

మన పక్కనే ఉన్న కథతో మొదలుపెడతాను. చింతకింది మల్లేశం పేరు నువ్వు వినే ఉంటావు. ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి తరహా చీరలు నేసే చేనేత కుటుంబం, చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. ఆ చీరల్లో రంగు అద్దకముందు ఆసు పోయడం అని ఒక పని ఉంటుంది. అర్ధచంద్రాకారంలో ఉన్న చెక్క మీద మేకులు, వాటి చుట్టూ దారాన్ని ఒక్కొక్క పోగు చొప్పున చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడించాలి. ఇంట్లో ఈ పని ఆడవాళ్లదే. వాళ్ల అమ్మ లక్ష్మి గారు రోజుకు రెండు చీరలకు ఆసు పోసేవారు. భుజం నొప్పి, మోచేతి నొప్పి. ఇక నా వల్ల కాదని ఆమె అన్న మాటే ఆయనకు స్పెసిఫికేషన్.

1992లో మొదలుపెడితే యంత్రం పూర్తయింది 1999లో. ఆ ఏడేళ్లను ప్రసంగాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. నిజానికి అసలు పాఠమంతా అందులోనే ఉంది. ముక్కలు ముక్కలుగా చేశాడు. దారం తిప్పడం కుదిరితే, మేకు మీద నుంచి పక్క మేకుకి జరగడం కుదరదు. డబ్బులైపోయాయి, ఊళ్లో వాళ్లు నవ్వారు. చివరికి హైదరాబాద్ వచ్చి కరెంటు పనికి కుదిరి, జీతంలో మిగిలింది యంత్రం మీద పెట్టాడు. ఆఖరి చిక్కు విడింది ఎక్కడో తెలుసా? మా బాలానగర్‌లోనే. పనికి వెళ్లిన చోట వేరే యంత్రంలో ఒక కదలిక కనబడింది. తనకు ఏళ్లుగా కావాల్సింది అదే. నాలుగైదు గంటల ఆసు పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది పట్టుదల ఒక్కటే అయితే ఈ కథ కూడా మూడో రోజుకి చల్లారుతుంది. ఇంకో రెండు సంగతులు చూడు. ఆయన ఇల్లు గడవడానికి ఎంచుకున్న పని కూడా యంత్రాలు కనబడే చోటే ఉంది. అంటే కడుపు నింపిన ఉద్యోగమే కళ్లకు కూడా మేత పెట్టింది. రెండోది, ఆ యంత్రాన్ని వాడేది చేనేత ఇంట్లో మనిషి, చేసిందీ చేనేత ఇంట్లో మనిషే. ఏది వదులవుతుందో, దారం ఎక్కడ తెగుతుందో ఒకరు చెబితే తెలుసుకునే అవసరం ఆయనకు లేదు.

ఆ రెండో సంగతి తెలియక నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద, మోదుగాకు విస్తర్లు ఒత్తే మిషన్ ఒకటి చేశాను. కింద అచ్చు, పైన అచ్చు, రెండిట్లో హీటరు, కాలితో తొక్కితే ఒత్తుకుంటుంది. ఆకు మాడకుండా ఉండాలంటే వేడి ఒక హద్దులో ఉండాలి కదా, అందుకని గొప్పగా డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ పెట్టాను. ఎర్రటి అంకెలు వెలుగుతుంటే నాకే ముచ్చటేసింది. ఒక పల్లెలో మహిళా సంఘం వాళ్లకు ఇచ్చాం, పత్రికలో ఫొటో కూడా వచ్చింది. మూడు నెలల తర్వాత అటు వెళ్తే మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది, దాని మీద బియ్యం డబ్బా. వోల్టేజీ ఎక్కువ తక్కువలకు కంట్రోలర్ కార్డు కాలిపోయింది. రిపేరు చేయాలంటే హైదరాబాద్ పంపాలి. ఒకసారి పంపారు, రెండోసారి మానేశారు. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. టీ ఇచ్చి, 'బాగనే చేసినవ్ సారూ, మాకే రాలే' అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండో మిషన్‌లో ఆ కార్డు తీసేసి ఇస్త్రీపెట్టెలో ఉండే థర్మోస్టాట్ పెట్టాను. రెండు లోహపు పట్టీలు అతికించి ఉంటాయి, వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది కాబట్టి వంగి కరెంటు తెంచుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. వేడి పది డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది నిజమే. కానీ ఆకుకు అంత నిక్కచ్చి అవసరం లేదు, అవసరం ఉందనుకున్నది నేను. పాడైతే మండల కేంద్రంలో మిక్సీలు బాగుచేసే కొట్టులో దొరుకుతుంది, ఆ కొట్టు కుర్రాడే వేసి ఇస్తాడు. అది ఆడింది.

ఇదే లెక్క దేశం మొత్తానికి వేసినవాళ్లు ఉన్నారు. మన ఊళ్లలో బోరింగ్ అంటామే, చేతి పంపు, దాన్ని గొప్ప ఆవిష్కరణ అని ఎవరూ అనరు. నా దృష్టిలో మన దేశంలో తయారైన మంచి డిజైన్లలో అది ముందు వరసలో ఉంటుంది. 1970ల మొదట్లో పల్లెల్లో వేసిన పంపులు ఎక్కువగా విదేశాల్లో ఒక కుటుంబం వాడుకునే పోత ఇనుము పంపులకు నకళ్లు. ఊరంతా పొద్దున్నుంచి రాత్రి దాకా కొడితే అవి ఏం ఆగుతాయి? ఎప్పుడు చూసినా సగానికి పైగా మూలపడి ఉండేవి. అప్పటికి గట్టిగా నిలిచిన వాటిలో ఒకటి సోలాపూర్ పంపు. దాన్ని రూపొందించింది ఏ కాలేజీ చదువూ లేని మెకానిక్. దాన్ని నమూనాగా తీసుకుని ప్రభుత్వం, యూనిసెఫ్, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి చేసినదే ఇండియా మార్క్ టూ.

దాన్ని దగ్గర నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. పిడికి, లోపలి రాడ్డుకీ మధ్య ఒక చెయిన్ ఉంటుంది. పిడి వంపుగా తిరిగినా ఆ చెయిన్ వల్ల రాడ్డు నిలువుగానే పైకీ కిందకీ పోతుంది, పక్కకు రాసుకోదు, అందుకే తొందరగా అరగదు. పెట్టె పోత కాదు, వెల్డింగ్, కాబట్టి మామూలు వర్క్‌షాపుల్లో చేయొచ్చు. డిజైన్ మీద పేటెంటు గోడ కట్టలేదు. 1990ల మధ్య నాటికి ప్రపంచంలో దాదాపు 50 లక్షలు బిగించారు. అంతటితో ఊరుకోలేదు. కింద వాషర్ మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాల్సి వస్తోందని, పైపులు కదపకుండా పిస్టన్ ఒక్కటే పైకి తీసేలా మార్క్ త్రీ చేశారు. రిపేరు చేసేవాడి నడుము గురించి ఆలోచించి చేసిన మార్పు అది.

దానికి ఎదురుగా పెట్టి చూడాల్సినది ప్లేపంప్. దక్షిణాఫ్రికాలో వచ్చింది. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆ తిరుగుడుకి నీళ్లు పైన ట్యాంకులోకి ఎక్కుతాయి. వినగానే ఒళ్లు పులకరిస్తుంది కదా? 2006లో అమెరికాలో పెద్ద పెద్దవాళ్లు వేదిక మీద కూర్చుని 1 కోటి 64 లక్షల డాలర్ల సాయం ప్రకటించారు. తర్వాత లండన్ పత్రిక గార్డియన్ కూర్చుని లెక్క కట్టింది. అనుకున్నంత మందికి నీళ్లివ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలి. రోజుకు ఉన్నవే 24. పిల్లలు ఆడనప్పుడు పెద్ద వయసు ఆడవాళ్లు ఆ రాట్నాన్ని వంగి తోయాల్సి వచ్చింది. పాడైతే ఊళ్లో బాగుచేసే దిక్కు లేదు. కొన్నిచోట్ల వీటిని పెట్టడానికి పని చేస్తున్న చేతి పంపులను పీకేశారు. నాలుగేళ్లలో సంబరం ముగిసింది. ఈ ఐడియా కన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నా డిజిటల్ అంకెలకు పెద్దన్న అది, అంతే.

అలాగని పెద్ద టెక్నాలజీ వద్దని అనుకునేవు. అబ్దుల్ కలాం గారు తన ప్రసంగాల్లో చెబుతుండేవారు. ఆయన కంచన్‌బాగ్‌లో క్షిపణుల పని చూస్తున్న రోజుల్లో నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకరు ల్యాబ్‌కు వచ్చారు. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ను నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పోలియో పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప కాలిపర్లు, అంటే కాలికి ఆసరాగా కట్టే పట్టీలు, ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. పదార్థం అంతకుముందూ ఉంది, పిల్లలూ ఉన్నారు. డాక్టర్ దాన్ని చేత్తో ఎత్తి బరువు చూడటమే కొత్తగా జరిగింది. నీ సెన్సర్ల చదువు ఇలాంటి ఆస్పత్రి వార్డులోకో, చేనేత ఇంట్లోకో వెళ్లిందా ఎప్పుడైనా?

ఇక దెబ్బ తిని నిలబడటం. దీని మీద మన నగరానికి చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. చనిపోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మందికి పైగా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది, అటు వెళ్తే చూసి రా. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నది గట్లు ఎత్తు చేసి ఊరుకోవచ్చు. ఆయన పైకి చూశాడు. పై పరివాహకంలో చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం వల్లే వరద అంత ఉధృతమైంది కాబట్టి, ఊరికి ఎగువనే నీళ్లను పట్టి మెల్లగా వదలాలి అన్నాడు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ముంచిన నీళ్లే తాగునీళ్లయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడు అనే మాట అలా పుట్టిందే. ఒక దెబ్బ నుంచి రెండు పనులు తీయడం అంటే అది. వందేళ్లకు 2020 అక్టోబర్‌లో కాలనీలు మునిగినప్పుడు టీవీల్లో అందరూ డ్రైనేజీ గురించే మాట్లాడారు. చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, ఇళ్లు కట్టుకున్న సంగతి కొంచెం మెల్లగా మాట్లాడారు.

మనుషుల్లో నిలబడినవాళ్లు కావాలంటే వరప్రసాద్ రెడ్డి గారిని చదువు. నీలాగే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రంతో సంబంధం లేదు. 1992లో జెనీవాలో ఒక సదస్సుకు వెళ్లి, హెపటైటిస్ బి టీకా ఎంత అవసరమో, మన దేశానికి ఆ టెక్నాలజీ ఇవ్వడానికి ఎంత చులకనగా మాట్లాడతారో విని వచ్చారు. 1993లో తల్లి పేరుతో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. బ్యాంకులు నమ్మలేదు. ఒమన్ విదేశాంగ మంత్రి డబ్బు పెట్టాడు. సొంత ల్యాబ్ లేక మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, ఆ తర్వాత సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో చోటు తీసుకుని పని చేశారు. 1997లో టీకా బయటికి వచ్చింది, దిగుమతి టీకా ధర ముందు అది కారుచౌక. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. 2010లో వాళ్లదే ఐదు జబ్బుల టీకా సీసాల్లో తెల్లటి మడ్డి కనబడి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదిత జాబితా నుంచి తీసేసింది. తిరిగి ఆమోదం వచ్చింది 2014లో. నాలుగేళ్లు మడ్డి ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం, తయారీ పద్ధతి సరిచేయడం, మళ్లీ పరీక్షలు. దీని మీద ఎవరూ వీడియో చేయరు. ఫ్యాక్టరీ నడిపేవాణ్ణి కాబట్టి నాకు మొదటి టీకా కన్నా ఆ నాలుగేళ్లే ఎక్కువ ఆసక్తి.

పర్యావరణం దగ్గరకొస్తే నాకు కాస్త చిరాకు ఉంది, ముందే చెప్పేస్తాను. పచ్చరంగు స్టిక్కర్ అంటించిన ప్రతిదీ ఎక్కడైనా పని చేస్తుందన్నట్టు మాట్లాడతారు. గుజరాత్‌లో వాంకానేర్ కుమ్మరి మన్సుఖ్‌భాయ్ ప్రజాపతి మట్టి ఫ్రిజ్ సంగతి తీసుకో. 2001 భూకంపంలో ఆయన కుండలు పగిలిపోయాయి. పేదవాడి ఫ్రిజ్ పగిలింది అని పత్రికలో ఫొటో కింద రాశారు. ఆ మాట పట్టుకుని నిజంగానే మట్టితో కరెంటు లేని ఫ్రిజ్ చేశాడు. పైన నీళ్లు, అవి గోడల్లోంచి ఊరి ఆవిరవుతుంటే లోపల చల్లబడుతుంది. కూరగాయలు, పాలు నిలవ ఉంటాయి. నాకు ఆయనంటే గౌరవం. కానీ ఆవిరి అవ్వాలంటే గాలి పొడిగా ఉండాలి. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలికి అది బ్రహ్మాండంగా పని చేస్తుంది. జులైలో ముసురు పట్టినప్పుడు మన ఎయిర్ కూలర్ ఎంత చల్లబరుస్తుందో అదీ అంతే. విశాఖలో మే నెల ఉక్కపోతలో ఇంకా కష్టం. ఇది యంత్రం తప్పు కాదు. ఏ గాలికి పుట్టిందో ఆ గాలి చూసుకుని వాడాలి. సోనమ్ వాంగ్‌చుక్ లద్దాఖ్‌లో మంచు స్తూపం కట్టినా అంతే. శంకువు ఆకారంలో ఎండ తగిలే ఉపరితలం తక్కువ కాబట్టి మంచు మెల్లగా కరిగి, నాట్ల వేళకు నీళ్లిస్తుంది. పంపు అక్కర్లేదు, ఎత్తు నుంచి పైపులో వచ్చే ఒత్తిడి చాలు. ఆ కొండ, ఆ చలి లేని మనం దాని ఫొటో పెట్టుకుని ఏం చేస్తాం?

మన నేలకు తగ్గ ఆలోచన కావాలంటే టి.హనుమంతరావు గారిది చూడు. ఇంజనీర్ ఇన్ చీఫ్‌గా చేసి రిటైరయ్యారు. చతుర్విధ జల ప్రక్రియ అన్నారు. వాన నీరు, మట్టిలో తేమ, భూగర్భ జలం, పైన పారే నీరు వేరువేరు శాఖల ఫైళ్లు కావు, ఒకే నీటికి నాలుగు రూపాలు, నాలుగింటినీ ఒకే చోట కలిపి లెక్క చూడాలి అని. ఉమ్మడి మెదక్ జిల్లా గొట్టిగారిపల్లిలో చేసి చూపించారు. 2016లో రాజస్థాన్ ప్రభుత్వం తన నీటి కార్యక్రమానికి ఆ పద్ధతినే తీసుకుంది. మెట్ట ప్రాంతపు ఇంజనీరు లెక్క ఎడారి రాష్ట్రానికి పనికొచ్చింది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌కి కూడా ఒకసారి వెళ్లు. అక్కడి డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల్లోని దళిత మహిళా రైతులకు 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఒక్క చెలకలోనే జొన్న, కంది, కొర్ర, పెసర, నువ్వు అని ఇరవై దాకా పంటలు కలిపి వేస్తారు. వాన మొహం చాటేస్తే నాలుగు పోతాయి, మిగతావి ఇంటికొస్తాయి. విత్తనాలు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో పోసి, మూత మీద మట్టి మెత్తుతారు. ఏ రైతైనా చేయగల పని, ఎవరి ఇంట్లో వాళ్ల దగ్గరే సామాను. నేను మొదట్లో అడిగిన రిపేరు ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. ఇక మన హైదరాబాద్ నుంచే 2022లో పర్యావరణ పనికి ఇచ్చే ఎర్త్‌షాట్ ప్రైజ్ తెచ్చుకున్న ఖేతీ అనే స్టార్టప్ వాళ్లు చిన్న రైతుకు సరిపోయేంత గ్రీన్‌హౌస్ చేశారు. షెడ్డు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోలేదు, శిక్షణ, అప్పు ఏర్పాటు కూడా దాంతో కలిపి చూశారు. అది గమనించు.

ఇప్పుడు మీ ట్యాంకు సంగతి. ప్రాజెక్టు మంచిదే, కానీ మీరు రాసిన వివరణలో ఒక మనిషి లేడు. యాప్‌లో నీటి మట్టం చూసేది ఫ్లాట్ ఓనర్లు. మోటారు వేసేది, ఆపేది, నల్లా నీళ్లు వచ్చే రోజు సంపు మూత తీసి చూసేది, ట్యాంకర్‌కి ఫోన్ చేసేది వాచ్‌మన్. ఆయన దగ్గర చవక ఫోన్ ఉంటుంది, డేటా అయిపోయి ఉంటుంది. ఇంటర్నెట్ లేకపోయినా, యాప్ లేకపోయినా మోటారు గదిలో ఒక బల్బు, ఒక బజరు పని చేయాలి. యాప్ పైన పెట్టే పొర మాత్రమే.

సాంకేతికంగా రెండు గుంతలు ముందే చూపిస్తాను, నేను పడినవే. అల్ట్రాసోనిక్ సెన్సర్ టేబుల్ మీద బాగా కొలుస్తుంది. మూత వేసిన సంపులో దాని ముఖం మీద చెమట పట్టినట్టు నీటి బిందువులు పడతాయి, అప్పుడు నోటికొచ్చిన అంకె చెప్తుంది. నీళ్లు పైనుంచి పడుతున్నప్పుడు నురగకీ అంతే. రాగి తీగలు ముంచి డీసీ కరెంటు పంపే పద్ధతి ఇంకా మోసం. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ కాబట్టి ఒక తీగ తినేసుకుపోతుంది, ఇంకోదానికి తెల్లటి పొర కడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడి, కొలిచే క్షణంలోనే కరెంటు పంపి ఆపేయండి. దానికి తోడుగా మామూలు ఫ్లోట్ స్విచ్ తప్పకుండా పెట్టండి. మీ బోర్డు చచ్చిపోయినా అది మోటారు ఆపుతుంది. పాడైతే వీధి చివర ప్లంబింగ్ కొట్టులో దొరుకుతుంది.

అసలు ఆలోచన ఇది. ట్యాంకు నిండిందా లేదా అని చెప్పడం చిన్న విషయం. బోరు మోటారు ఎన్ని నిమిషాలు ఆడితే ట్యాంకు నిండింది అని రోజూ రాసిపెట్టండి. నవంబర్‌లో నలభై నిమిషాలు పట్టిన ట్యాంకుకి మార్చిలో గంటన్నర పడితే కింద నీటిమట్టం దిగిపోతున్నట్టే. దానికి ఖరీదైన సెన్సర్ అక్కర్లేదు, స్టార్టర్ నుంచి మోటారు ఆన్ అయిందా లేదా అని తెలిస్తే చాలు. మీ వీధిలో పది అపార్ట్‌మెంట్ల నిమిషాలు పక్కపక్కన పెడితే హనుమంతరావు గారు చెప్పిన మూడో రూపం మీ కళ్ల ముందు ఉంటుంది. ఏ భవనంలో ఇంకుడు గుంత పని చేస్తోందో, ఎవరిది పేరుకే ఉందో కూడా బయటపడుతుంది. అసోసియేషన్ మీటింగ్‌లో కొంచెం గొడవ అవుతుంది, అవనీ. ఒక్క జాగ్రత్త, మోటారు పాతబడినా, పైపులో మడ్డి పట్టినా నిమిషాలు పెరుగుతాయి, అందుకని నెలకోసారి బకెట్ పెట్టి ధార కొలవండి.

విడిభాగాలకి కోఠి గుజరాతీ గల్లీ, మోటారు, స్టార్టర్ సామానుకు రాణీగంజ్. ఆన్‌లైన్‌లో రూపాయి తక్కువకు వస్తుంది నిజమే, కానీ కౌంటరు దగ్గర నిలబడితే ఏది ఎక్కువగా తిరిగొస్తోందో కొట్టువాడు చెప్తాడు. నమూనా చేసుకోవడానికి 2023లో తెరిచిన టీ వర్క్స్ ఉంది, మా కాలంలో అలాంటిది లేదు, వాడుకోండి. బ్రిగేడియర్ గణేశం గారి పల్లెసృజన వాళ్లు ఊళ్లు తిరుగుతూ మల్లేశం లాంటివాళ్లను వెతికి పట్టుకుంటారు. వాళ్ల పాదయాత్రలో నాలుగు రోజులు నడిస్తే నాలుగేళ్ల ప్రసంగాలకు సమానం. నేను రెండుసార్లు వెళ్లాను, మోకాళ్లు ఒప్పుకుంటే మళ్లీ వెళ్తా.

ఉద్యోగం వదలొద్దు. ఇంట్లో ఈఎంఐలు నడుస్తుంటే అసలే వద్దు. మల్లేశం కూడా కూలి మానుకుని యంత్రం చేయలేదు. చేరు, కాకపోతే అడిగే అవకాశం ఇస్తే ఫీల్డ్‌లో తిరిగే టీమ్ అడుగు, రిపేర్లు, సర్వీసు, ఇన్‌స్టలేషన్ లాంటివి. తోటివాళ్లు తక్కువగా చూస్తారు, చూడనీ. ఏవి ఎలా పాడవుతాయో జీతమిచ్చి మరీ చూపించే ఉద్యోగం అదొక్కటే.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మోటారు గది గోడ మీద బొగ్గుముక్కతో గీతలు గీస్తాడు. మోటారు వేసిన ప్రతి అరగంటకు ఒక గీత, ట్యాంకర్ వస్తే అడ్డంగా ఒక గీత. ఆరేళ్ల లెక్క ఉంది ఆ గోడ మీద, మధ్యలో ఒకసారి సున్నం వేయించి కొంత పోగొట్టాం. మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటి గోడో, చిట్టీల కట్టో ఉండే ఉంటుంది. ముందు దాన్ని ఫొటో తీసి ఇక్కడ పెట్టు. సర్క్యూట్ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.